కిందికి అనే మాట

జెజ్కజ్గన్ దాటాక రోడ్డుండదు, తొర్గిన్.
నువ్వొచ్చిన దారి ట్రక్కులు తొక్కిన గడ్డి, అంతే.
కూర్చో. టీలో ఉప్పు సరిపోయిందా?
నలభై ఏళ్ళు పురుళ్ళు పోసిన చేతులివి,
ఇప్పుడు కెటిల్ ఎత్తితే మూత గలగలమంటుంది.
నీ జేబు మీది రాకెట్ బొమ్మ
నీకంటే ముందే గుమ్మం దాటింది.
ఎలుకల సంగతి అడగడానికే వచ్చావు.

అదొక ఫిబ్రవరి.
హెలికాప్టర్‌ని లేవనివ్వని మంచుగాలి.
వెనియమిన్ అర్కాద్యెవిచ్, మాస్కో మనిషి,
కోటు లోపల పెట్టె దాచుకుని
మా ఆసుపత్రి తలుపు కాలితో తన్నాడు.
పెట్టెలో ఐదు ఎలుకలు,
ఆకాశం నుంచి మా మైదానంలో రాలినవి,
కడుపుతో ఎక్కి కడుపుతో దిగినవి.
"నేను మనుషులకే" అన్నాను.
"ఈ రాత్రికి ఇవే మనుషులు" అన్నాడు.

పొయ్యి పక్కన దూది పరిచాను.
నేలమీద ఉండిపోయిన వాటి అక్కచెల్లెళ్ళు ఒళ్ళు చేశాయట,
ఇవి మాత్రం వెన్నుపూసలు వేలికి తగిలేంత చిక్కిపోయాయి.
నొప్పులు మొదలయ్యాయి, సాగవు.
ఒకటైతే తెల్లారేదాకా నన్నే చూసింది.
ఏ భాషలో చెప్పను దానికి?
ఏ ఆడదానికైనా నేను చెప్పేది ఒక్కటే మాట:
కిందికి, తల్లీ, కిందికి.
ఆ మాటే మరిచిపోయి వచ్చింది దాని ఒళ్ళు.

పుట్టాయి. చిక్కుడు గింజంత ప్రాణాలు.
డాక్టరు ఒక్కొక్కదాన్నీ వెల్లకిలా పడుకోబెట్టి
గడియారం చూశాడు.
ఏ పిల్లైనా తన్నుకుని బోర్లా పడాలి కదా.
ఇవి కాళ్ళు గాల్లో ఆడిస్తూ అలాగే ఉండిపోయాయి,
ఎటు తిరిగితే నేలో
ఎవరూ చెప్పనట్టు.
నాలుగైదు రోజులకి నేర్చుకున్నాయి.
ఒకటి నేర్చుకోలేదు.
అతని నోటుపుస్తకంలో "తాత్కాలికం" అని ఉంది.
ఆ ఒక్కదాన్నీ, గడ్డపారకి నేల లొంగక,
మంచులోనే కప్పిపెట్టాను.

తరవాత ఏళ్ళ తరబడి ఉత్తరాలు రాశాడు.
ఎముకల్లో సున్నం కరిగి ఒంట్లోంచి పోతుందట అక్కడ.
బిడ్డకి గోడ కట్టాల్సినదాని గోడే కూలుతుంటే ఎలా?
కనపడని వడగళ్ళు కురుస్తాయట,
ఇనుము ఆపలేదు, అమ్మ ఒళ్ళు ఆపలేదు.
ఆడపిల్లని మోస్తే, ఆ పిల్ల పొట్టలో
అప్పటికే సర్దిపెట్టిన గింజలుంటాయి,
ఒక్క దెబ్బ మూడు తరాలకి.
నెత్తురు కారదట, ఉండల్లా తేలుతుందట.
కారని నెత్తుటిని నేనెలా కొలవను?
నీళ్ళు ఒంపలేని చోట
నీళ్ళోసుకోవడం ఏమిటని పగలబడి నవ్వాను ఆ రాత్రి.
నవ్వు ఆగాక
దీపం ఆర్పబుద్ధి కాలేదు.

నువ్వు నవ్వడం లేదు.
నీ చెయ్యి బెల్టు దాకా వెళ్ళి ఆగింది.
వెళ్ళనా అని అడగడానికి కాదన్నమాట.
వెళ్ళొచ్చావు.
నూట తొంభై రోజులు. దిగి ఏడాది కావస్తోంది.
ఇప్పుడు ఐదో నెల.
మరి ఇంతసేపూ ఎలుకల గురించి నన్ను వాగనిచ్చావేం?

డాక్టర్లు నీకు శాతాలు చెప్పే ఉంటారు.
నా దగ్గర శాతాల్లేవు, కొయ్య గొట్టం ఉంది.
పడుకో. ఆ డ్రైవరుని ఇంజను ఆపమను.
ఇదుగో. కాదు, అది నీ గుండె.
ఇదుగో.
గడ్డిలో గుర్రంపిల్ల పరిగెత్తినట్టు.
అందరి బిడ్డల గుండే ఇలాగే ఉంటుంది,
దీన్నిబట్టి నీకేమీ చెప్పలేను, అబద్ధం ఆడను.

పుట్టాక, నాలుగో నెలో ఐదో నెలో,
పరుపు మీద వెల్లకిలా పడుకున్నది
పక్కకి దొర్లి, చెయ్యి కింద ఇరుక్కుపోయి,
కోపంతో ఏడ్చి, అప్పుడు
బోర్లా పడుతుంది చూడు,
ఆ రోజు ఫోన్ చెయ్యి.
అర్ధరాత్రైనా సరే.
నాకెలాగూ నిద్ర పట్టదు.